ముఖం కింద పేరు

పోయిన నెలలో ఒక పొద్దున నేనూ మా ఆవిడా కంటి డాక్టరు దగ్గర్నుంచి వస్తూ తార్నాక చౌరస్తాలో మెట్రో స్తంభాల నీడన బస్సు కోసం నిలబడ్డాం. డాక్టరు నా కళ్ళలో ఏవో చుక్కలు వేసి, రెండు మూడు గంటలు ఏదీ చదవలేరు, కంగారు పడొద్దు అని చెప్పి పంపించాడు. కంగారేం పడలేదు గానీ, అక్షరాలు అలికేసినట్టు కనబడేసరికి ఏ బస్సు ఎక్కాలో కూడా తెలియని మనిషినైపోయాను. అంచేత ఆ కాసేపూ లోకంలో ఉన్న అక్షరాలన్నీ చదివి వినిపించే బాధ్యత మా ఆవిడ తీసుకుంది. మందుల షాపు పేరు, బిర్యానీ హోటలు బోర్డు, ఎవరో నాయకుడికి ఎవరో చెప్పిన పుట్టినరోజు శుభాకాంక్షలు అన్నీ వరసగా చదువుకుంటూ వచ్చి, స్తంభానికి అంటించిన సినిమా పోస్టరు దగ్గర ఆగిపోయింది. "ఇదేమిటండీ, ఇంతేసి మీసాలున్న ఆయన కింద ఆడపిల్ల పేరు రాశారు?" అంది.

మా ఆవిడకి సినిమా వాళ్ళ ముఖాలు గుర్తుండవు. పెళ్ళయిన కొత్తలో నుంచీ పోస్టరు మీద ఏ ముఖం కింద ఏ పేరుంటే ఆ పేరు ఆ ముఖానిదే అని నమ్ముతూ వచ్చింది. ఆ లెక్కన ఒక విలన్ని పదేళ్ళ పాటు హాస్యనటుడి పేరుతో తిట్టింది. తల్లి వేషాలు వేసే ఒకావిడని సంగీత దర్శకుడి పేరుతో మెచ్చుకుంది. నేను సరిదిద్దినప్పుడల్లా నాదే తప్పన్నట్టు చూసేది. ఆ రోజు కూడా అదే చూపు చూసి, ఎవరి ముఖం కింద వాళ్ళ పేరు వేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది అని అడిగింది. పేర్ల బేరం వేరు, ముఖాల బేరం వేరు అని చెప్పాను. పేర్లు హోదాని బట్టి ఎడమ నుంచి కుడికి వస్తాయి, ఎవరు ముందు ఎవరు వెనక అన్నది ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకుంటారు. ముఖాలు మాత్రం బొమ్మ అందాన్ని బట్టి, జనాన్ని లాగే శక్తిని బట్టి ఎక్కడ కుదిరితే అక్కడ పెడతారు. రెండు వరసలూ ఎదురుపడవు. ఇవన్నీ మీకెలా తెలుసు అంది ఆవిడ. ఎక్కడో చదివాను అన్నాను.

చదవలేదు. అది నాకు ఒక పెయింటరు చెప్పిన సంగతి. చెప్పించుకుని, దాన్ని నేను ఏ పనికి వాడుకున్నానో ఇంట్లో ఎవరికీ తెలియదు. బస్సు వచ్చేదాకా ఆవిడ ఇంకా ఏవేవో చదివి వినిపిస్తూనే ఉంది. నేను కళ్ళు నీళ్ళు కారుతున్నాయని రుమాలు అడ్డం పెట్టుకున్నాను. చుక్కల మందు వల్లే అనుకుంది.

ఇది అరవైల చివరి మాట. మాది కృష్ణా జిల్లా. మా బాబాయి ప్రభుత్వ గుమాస్తాగా హైదరాబాదు వచ్చి తార్నాకలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాడు. ఆయన ఉన్నాడన్న ధైర్యంతో నన్ను ఇక్కడి యూనివర్సిటీలో ఎమ్మే చదవడానికి పంపించారు. అప్పటి తార్నాక అంటే నాలుగు బంగళాలు, ఒకటి రెండు ఇరానీ హోటళ్ళు, మిగిలినదంతా బండరాళ్ళూ సీతాఫలం పొదలూ. బాబాయి ఇంట్లో చోటు చాలదు కాబట్టి నేను క్యాంపస్ హాస్టల్లో ఉండి, ఆదివారం ఆదివారం భోజనానికి మాత్రం వెళ్ళేవాణ్ణి. పిన్ని గోంగూర పచ్చడి సీసాలో పెట్టి ఇచ్చేది. ఆ సీసా బుధవారం దాటి బతికిన వారం లేదు. కారణం నా రూమ్మేటు. అన్నం మీద పచ్చడి కాదు, పచ్చడి మీద అన్నం వేసుకునే రకం.

అతనిది పాలమూరు వైపు పల్లె. కాచిగూడలో పాసింజరు ఎక్కితే రెండు గంటల దూరం. ఇంట్లో మొదటిసారి బడి ముఖం చూసినవాడు అతనే. తండ్రికి అక్షరం ముక్క రాదు. వాళ్ళ తాత ఆ ఊళ్ళో బండని పగలగొట్టి తన చేతుల్తో బావి తవ్వాడట. మూడు ఎండాకాలాలు తవ్వితే నీళ్ళు పడ్డాయట. నీళ్ళు పడ్డ ఏడే ఆయన పోయాడు, మా వాడు పుట్టాడు. తాత పేరే వీడికి పెట్టారు. తండ్రి పేరు నోరారా పలకడానికి ఆ రైతుకున్న ఒకే ఒక్క సాకు కొడుకు. పొలం గట్టున నిలబడి ఆయన తనని పిలిస్తే అవతలి ఊళ్ళో వాళ్ళు కూడా తిరిగి చూస్తారని మా వాడు నవ్వుతూ చెప్పేవాడు.

ఆ పేరు వింటే హాస్టల్లో మా కోస్తా కుర్రాళ్ళకి ఎందుకో నవ్వొచ్చేది. నాకూ వచ్చేది. పల్లెటూరి దేవత పేరు మీద పెట్టుకునే పాతకాలపు పేరు అది. ఈ పేరు పెట్టుకుని ఎమ్మే పాసైనా నిన్ను ఎవరూ మేష్టారు అనర్రా, మార్చుకో అని, ఒక కాగితం మీద అప్పట్లో షోగ్గా ఉన్న పేర్లు పది రాసి ఇచ్చాను కూడా. అతను ఆ కాగితం పట్టుకుని సెలవుల్లో ఇంటికి వెళ్ళి, తండ్రి ముందు చదివి నవ్వాడట. తండ్రి నవ్వలేదట. "మార్చుకుంటవా?" అని ఒక్క మాట అడిగి, లేదంటే సరే అని ఎడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడట. ఈ సంగతి అతనే నాకు చెప్పాడు. నేను దాన్ని కూడా నవ్వులో కలిపేసుకున్నాను.

ఆ యేడు మా నాటకాల సంఘానికి నేను కార్యదర్శిని. నాటకం కూడా నేనే రాశాను. రాశాను అంటున్నాను గానీ, కథంతా మా వాడి తాత బావిదే. దానికి నేను చేర్చిన సొంత సరుకు ఒక యువ ఇంజనీరు. పట్నం నుంచి వచ్చి నీళ్ళు ఎక్కడ పడతాయో వేలుపెట్టి చూపిస్తాడు. ఆ ఇంజనీరే హీరో. ఆ వేషం ఎవరు వెయ్యాలన్న విషయంలో నాకు క్షణమైనా సందేహం కలగలేదు. బావి తవ్వే ముసలాయన వేషం మా వాడిది, పట్వారీ వేషం ఇంకో సహాధ్యాయిది. రిహార్సళ్ళు మొదలైన వారానికి నాకొక సంగతి అర్థమైంది. నేను పేజీలకి పేజీలు మాట్లాడుతుంటే జనం బీడీలు కాల్చుకుంటున్నారు. మా వాడు పలుగు కింద పెట్టి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, ఒక్కసారి పైకి చూస్తే అందరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారు. మా నాయిన గిట్లనే చూస్తడు అనేవాడు. అతన్ని మెచ్చుకుంటూనే, రాత్రి గదికి వెళ్ళి నా ఇంజనీరుకి ఇంకో పేజీ మాటలు రాసుకునేవాణ్ణి.

గేటు దగ్గర మామూలు కాగితాలు అంటిస్తే ఎవడు చూస్తాడు, సినిమా వాళ్ళలాగా పెద్ద గుడ్డ బ్యానరు కట్టిద్దాం అన్నది నా ఆలోచనే. కాచిగూడ స్టేషన్ వెనక సందులో సినిమా బ్యానర్లు గీసే ఒక ముసలి పెయింటరు ఉండేవాడు. పాన్ తినీ తినీ పళ్ళు కావిరంగుకి తిరిగిన మనిషి. ఆయన ముఖాలు మాత్రమే గీస్తాడు, అక్షరాలు ఆయన బావమరిది రాస్తాడు. ముసలాయనకి తెలుగు చదవడం రాదు, బావమరిదికి చెవి గీయడం కూడా రాదు. ఇద్దరూ ఒకే గుడ్డ మీద చెరోసారి పనిచేస్తారు. ఫోటోలు చాలవని ముసలాయన ఒకరోజు రిహార్సలుకి వచ్చి మూల కూర్చుని మా ముఖాలు చూశాడు. పోతూ పోతూ మా వాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "పని ఈ మొఖంల ఉన్నది సాబ్" అన్నాడు నాతో.

బ్యానరు చూడ్డానికి నేనూ మా వాడూ కలిసి వెళ్ళాం. ఎడమ వైపు సగం గుడ్డంతా మా వాడి ముఖం. తలపాగా, తెల్ల మీసం, నుదుటి మీద చెమట, పైకి చూస్తున్న కళ్ళు. మధ్యలో అరచేతి వెడల్పున నేను. చివర పట్వారీ. కింద పేర్ల కోసం తెల్లగా వదిలిన చోటు. మా వాడు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. అచ్చం తాత లెక్క ఉన్నాడని, తాతని చూసినవాళ్ళు ఇలాగే చెప్తారని అన్నాడు. నేను మాత్రం జేబులోంచి కాగితం తీసి బావమరిదికి ఇచ్చాను. అందులో మొదటి పేరు నాది, రెండోది పట్వారీది, మూడోది మా వాడిది. ఇలా రాస్తే ముఖాలకీ పేర్లకీ పొత్తు కుదరదు కదా, పర్వాలేదా అని మాట వరసకి అడిగాను. ముసలాయన పాన్ ఉమ్మేసి చెప్పాడు. "మొఖం ఫోటో నుంచి వస్తది, పేరు కాగితం నుంచి వస్తది. రెండింటికి ములాఖాత్ ఉండదు సాబ్. సినిమా లైన్ల అంతా గిట్లనే." నాకు కావలసిన మాట అదే.

తిరిగి వచ్చేటప్పుడు విద్యానగర్ మీదుగా రైలు పట్టాల పక్కన నడుస్తున్నాం. మా వాడు ఒకచోట ఆగి చెప్పుకి అంటిన మట్టి రాయికి గీకుతూ అడిగాడు. "ఒక్క మాట అంట, ఏమనుకోకు. గా పేర్ల వరస జర మార్చరాదు? మా నాయిన వస్తనంటున్నడు. ఆయనకు చదువు రాదాయె. మొఖం చూసి, కింద ఏం రాసిన్రని ఎవలనన్న అడుగుతడు. మా తాత పేరు గాడ వినపడితే చాలు ఆయనకు." అతను నన్ను అడిగిన సాయం నాకు తెలిసి అదొక్కటే. నేను ఏం చెప్పానో మాట పొల్లుపోకుండా గుర్తుంది. "అలా కుదరదురా. సినిమాల్లో ఎక్కడైనా చూశావా? పేర్లు హోదాని బట్టి వస్తాయి. పెయింటరే చెప్పాడు కదా." అతను సరే తియ్యి అన్నాడు. అది అతని ఊతపదం. పచ్చడి అయిపోయినా సరే తియ్యి, పరీక్ష వాయిదా పడినా సరే తియ్యి. అందుకని ఆ రోజు దాని బరువు నాకు తెలియలేదు అని రాయాలని ఉంది. కానీ తెలిసింది.

నాటకం రోజు మధ్యాహ్నం బ్యానరుని క్యాంపస్ రోడ్డు మీద రెండు చింతచెట్లకి కట్టించాం. మా వాడు లోపల హాల్లో కుర్చీలు వేయిస్తున్నాడు. నేను తాళ్ళు సరిచూసే మిషతో బయట తిరుగుతూ, నా పేరు ఎంత దూరం నుంచి కనబడుతుందో చూసుకుంటున్నాను. అప్పుడు ఒక మనిషి వచ్చి బ్యానరు ముందు ఆగాడు. మోకాళ్ళ దాకా పంచె, భుజం మీద మడత పెట్టిన నల్ల గొంగడి, కాళ్ళ నిండా దుమ్ము. కాచిగూడ నుంచి నడిచే వచ్చినట్టున్నాడు. తువ్వాలు తీసి మెడ తుడుచుకుని తల పైకెత్తి చూశాడు. ఆ తుడుచుకోవడం, ఆ తలెత్తడం నెల రోజులుగా రిహార్సళ్ళలో చూస్తున్నాను. ఎవరని అడగాల్సిన పని లేదు. గొంగడి కూడా నాటకం కోసం మా వాడు ఇంటి నుంచి తెప్పించుకుంటున్నదే. వేరేవాళ్ళతో పంపకుండా తనే మోసుకొచ్చాడు.

ఆయన ఆ ముఖాన్ని తృప్తిగా చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ, "బిడ్డా, సదువుకున్నోని లెక్కున్నవు. గీ మొఖం కింద ఏం రాసిన్రో జర సదివి చెప్పు" అన్నాడు.

నేను చదివాను. ఆ ముఖం కింద నా పేరుంది. నా పేరే చదివాను.

ఆయన బ్యానరుకి ఇంకో అడుగు దగ్గరికి జరిగి, "మల్లొక్కపాలి సూడు" అన్నాడు. మళ్ళీ నా పేరే చదివాను. ఆయన వేలితో ఆ ముఖం చూపించి, "వీడు మా పోరడే. వాని పేరు గది కాదు. పేరు మార్చుకున్నడా?" అని అడిగాడు.

చెప్పాల్సిన మాట చిన్నది. అది నా పేరండీ, మీవాడి పేరు అదుగో ఆ చివర ఉంది అంటే సరిపోయేది. ఆయన వెంటనే ఇంకో ప్రశ్న అడిగేవాడు. నా కొడుకు మొఖం కింద నీ పేరెందుకున్నది బిడ్డా అని. పెయింటరు మాటా సినిమా వాళ్ళ పద్ధతీ ఆ మనిషి ముందు నిలబడి చెప్పలేను. అందుకని నేల చూపులు చూస్తూ, "నాటకాల్లో అలాగే ఉంటుందండీ" అన్నాను.

ఆయన భుజం మీద గొంగడి తీసి, మడత సరిచేసి, నా చేతిలో పెట్టాడు. "గా పేరుగల్ల ఆయనకియ్యి" అన్నాడు. తర్వాత వచ్చిన దారినే స్టేషను వైపు నడిచి వెళ్ళిపోయాడు. పిలుస్తే వినపడేంత దూరంలో చాలాసేపు ఉన్నాడు. నేను గొంగడి పట్టుకుని చింతచెట్టు కింద నిలబడే ఉన్నాను. చేతికి ముతక ఉన్ని గరగరా తగలడం, గొర్రెల వాసన, కొంచెం పొగాకు వాసన, అవన్నీ గుర్తున్నాయి. ఆ పేరుగల ఆయన ఎవరో ఆయనకి తెలియదు. ఆయన అన్న ప్రకారం అయితే ఆ గొంగడి నాదే.

లోపలికి వెళ్ళి మా వాడికి గొంగడి ఇచ్చి, మీ నాన్న వచ్చాడు, రైలుకి టైమైందని వెళ్ళిపోయాడు అని చెప్పాను. ఇంత దూరం వచ్చి నాటకం చూడకుండానా అని అతను ఒకసారి, గొంగడి మడత విప్పుతూ ఇంకోసారి అడిగాడు. ఎడ్లకి గడ్డి వెయ్యాలన్నాడు అన్నాను. ఎడ్ల మాట ఎక్కడ దొరికిందో నాకే తెలియదు. ఆ సాయంత్రం అతను గొంగడి కప్పుకుని వేదిక మీదకి వస్తే చప్పట్లు ఆగలేదు. ప్రతి రంగంలోనూ అతని కళ్ళు ముందు వరస దాటి గుమ్మం దాకా వెళ్ళి వస్తూండేవి. జనం అది నటన అనుకున్నారు. బావిలో నీళ్ళు పడ్డాక హీరో చెప్పే ఉపన్యాసం నేను సగంలో మరిచిపోయాను. ఎవరూ గమనించలేదు. ఎవరూ నన్ను చూడ్డం లేదు మరి.

రెండ్రోజుల తర్వాత పెయింటరు బ్యానరు తీసుకుపోవడానికి మనిషిని పంపాడు. ఆ రోజుల్లో గుడ్డ పారేసేవాళ్ళు కాదు. పాత ముఖాల మీద తెల్లరంగు పూసి, ఆరాక కొత్త సినిమా గీసేవాళ్ళు. ఏమైనా ఉంచుకుంటారా అని ఆ మనిషి అడిగాడు. నేను కత్తెర తెప్పించి నా పేరు ఉన్న ముక్క కత్తిరించుకున్నాను. ముఖాలన్నీ మడిచి ఇచ్చేశాను. ఇది రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది. అప్పుడు మాత్రం ఆ ముక్కని జాగ్రత్తగా చుట్టి పెట్టె అడుగున దాచుకున్నాను.

సెలవులకి ఊరెళ్ళిన మా వాడు వారం ముందే తిరిగొచ్చాడు. మంచం మీద కూర్చుని, నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ, మా నాయిన ఏం అడిగిండు నిన్ను అన్నాడు. చెప్పాను. మొత్తం కాదు, చదివి చెప్పమంటే చదివానని మాత్రం చెప్పాను. అప్పుడు అతను ఊళ్ళో జరిగింది చెప్పాడు. తండ్రికి అంతా వివరించాడట, కాలేజీ కార్డు తీసి చూపించాడట, ఒట్టు పెట్టాడట. ఆయన వినలేదు. "'సదువుకున్న పిలగాడు రెండుసార్లు సదివిండు, గాయనకు అబద్ధమెందుకు' అంటున్నడు. నన్ను పేరు పెట్టి పిలుస్తలేడు. ఏమయ్యా అంటున్నడు, బయటోన్ని పిలిచినట్లు. నువ్వొక్కసారి వచ్చి చెప్పు. నీ మాట నమ్ముతడు." బొమ్మలో పేరు సరిచేయించి తండ్రికి చూపించాలని కాచిగూడ కూడా పోయొచ్చాడట. అప్పటికే ఆ గుడ్డ మీద వేరే సినిమా ఉందట. ఆ బ్యానరు మొత్తంలో మిగిలిన ముక్క నా పెట్టెలో, అతను కూర్చున్న మంచం కిందే ఉంది.

వచ్చే ఆదివారం వెళ్ళి చెప్తానని మాటిచ్చాను. ఆదివారం నిజంగానే కాచిగూడ వెళ్ళాను. టికెట్ల గది దాకా వెళ్ళాను. పాసింజరు ప్లాట్‌ఫారం మీద ఆగే ఉంది, కిటికీల్లోంచి కోళ్ళ గంపలూ కూరగాయల మూటలూ కనబడుతున్నాయి. ఆ పల్లెలో ఆ ముసలాయన ఎదురుగా నిలబడి, ఆ పేరు నాదే, నేనే పెట్టించుకున్నాను అని చెప్పడాన్ని ఊహించుకున్నాను. టికెట్టు కొనలేదు. రైలు కూత వేసి వెళ్ళిపోయింది. నేను బయటికొచ్చి ఇరానీ హోటల్లో కూర్చుని, చాయ్ మీద చాయ్ తాగి, చీకటి పడే వేళకి హాస్టలుకి వెళ్ళి రైలు తప్పిపోయిందని చెప్పాను. అతను నా ముఖంలోకి చూశాడు. సరే తియ్యి అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత పరీక్షలు, ఆ తర్వాత ప్రత్యేక రాష్ట్రం కావాలని పట్నంలో గొడవలు, కాలేజీలు మూతపడటం. ఎవరి దారిన వాళ్ళం పడ్డాం. అతను జిల్లాలో ఎక్కడో బడిపంతులయ్యాడని విన్నాను. నేను రాసిచ్చిన పది పేర్లలో ఒక్కటీ లేకుండానే అందరూ అతన్ని సారు అన్నారన్నమాట. మూడేళ్ళకి ఒక పోస్టు కార్డు వచ్చింది. తండ్రి పోయాడని రెండు వాక్యాలు, కింద గుండ్రటి పెద్ద అక్షరాలతో అతని పూర్తి పేరు. పోయేముందు ఆయన కొడుకుని పేరు పెట్టి పిలిచాడో లేదో కార్డులో లేదు. అడుగుతూ ఉత్తరం రాయడానికి ఎన్నిసార్లో కూర్చున్నాను. ఏ ముఖం పెట్టుకుని అడగను? జవాబు రాయలేదు. ఇప్పుడు రాద్దామన్నా ఆ కార్డూ లేదు, అడ్రసూ లేదు, ఆ మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియదు.

గుడ్డ ముక్క మాత్రం ఉంది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ పెట్టె సర్దుతూ దాన్ని చూసి, మీరు నాటకాల్లో హీరోనా అని మురిసిపోయింది. ఔనన్నాను. పిల్లలకీ చెప్పింది, వియ్యాల వారికీ చెప్పింది. కంటి డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు సాయంత్రం, అక్షరాలు మళ్ళీ తేటగా కనబడ్డాక, ఆ ముక్క తీసి ఆవిడ ముందు పరిచి, ఇక్కడ రాసినదంతా చెప్పాను. ఆవిడ కోప్పడితే బాగుండుననుకున్నాను. కోప్పడలేదు. రంగు పెచ్చులు రాలిన నా పేరు మీద చెయ్యి వేసి, ఈ పేరుకి పైన ఇన్నాళ్ళూ నేను మీ ముఖాన్నే ఊహించుకున్నానండీ అంది. తర్వాత, మీ రూమ్మేటు పేరేమిటి అని అడిగింది. చెప్పాను. "యాభై ఏళ్ళ కాపురంలో ఆ పేరు మీ నోట ఒక్కసారి కూడా వినలేదే" అంది ఆవిడ.

ఈ జ్ఞాపకంలో ఎవరి పేరూ రాయకూడదనుకునే మొదలుపెట్టాను. నా పేరు ఎలాగూ రాయను, అది ఉండకూడని చోట చాలాకాలం ఉంది. ఒక్క పేరు మాత్రం రాయాలి. తలపాగా, తెల్ల మీసం, నుదుట చెమట, పైకి చూస్తున్న కళ్ళు ఉన్న ఆ బొమ్మ కింద ఉండవలసిన పేరు పోచయ్య. ఆ మధ్యాహ్నం చింతచెట్టు కింద ఆ తండ్రి అడిగినప్పుడు చెప్పడానికి ఒక్క క్షణం పట్టే మాట ఇది. అది చెప్పడానికి నాకు యాభై ఏళ్ళకి పైనే పట్టింది, ఇప్పుడు వినడానికి ఆయన లేడు.